ఇంట్లో తొడిగే ఎంసీఆర్ చెప్పులు: వాడి చూశాక

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల సందుల్లోకి వెళితే, మందుల షాపులకీ స్కానింగ్ సెంటర్లకీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న చెప్పుల షాపు ఉంటుంది. షోకేసులో హైహీల్స్ ఉండవు. షుగరు ఉన్నవాళ్లకీ, మడమ నొప్పి వాళ్లకీ, ఆపరేషన్ అయిన కాళ్లకీ మాత్రమే అక్కడ చెప్పులు. మా అత్తయ్యగారికి అక్కడ ఒక ఎంసీఆర్ జత, అంటే మెత్తటి రబ్బరు చెప్పులు, తీసుకున్నాం. 7వ సైజు, నీలం రంగు, వెనక మడమకి పట్టీ, 750 రూపాయలు. బజారుకో పెళ్లికో వేసుకెళ్లడానికి కాదు, ఇంట్లో తిరగడానికి. ఇంట్లో తిరగడానికి 750 పెట్టి చెప్పులేమిటని మా ఆయన అడిగారు. అత్తయ్యగారైతే ధర దాకా వెళ్లనే లేదు. ఇంట్లో చెప్పులేమిటని అక్కడే ఆగిపోయారు.

ఆవిడ ఆగిపోవడంలో న్యాయం ఉంది. మాది చెప్పులు గడప బయటే విప్పే ఇల్లు. ఫ్లాటు తలుపు పక్కన మూడరల స్టాండు, దాని ముందు పీచు పట్టా, లోపల అడుగు పెట్టగానే గుడ్డ పట్టా. పీచు పట్టా మట్టి దులపడానికి, గుడ్డ పట్టా తడి పీల్చడానికి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా రెండోది దండగ. ఎవరొచ్చినా, కలెక్టరొచ్చినా, విప్పి రావాల్సిందే. కాళేశ్వరరావు మార్కెట్లో ఉదయం కూరగాయల లారీలు దిగాక నేల ఎలా ఉంటుందో చూసినవాళ్లకి ఈ నియమం ఎందుకో చెప్పక్కర్లేదు. కుళ్లిన టమాటా, పశువుల పేడ, కిళ్లీ ఉమ్ములు, పొంగిన మురుగు అన్నీ కలిసి మడమ కింద అంటుకుని ఇంటి దాకా వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ నుంచి మా ఆడపడుచు వాళ్లు మా ఇంటికి వచ్చారు. మోకాళ్ల దాకా నల్లటి బురద. పడవ దిగినప్పటి నుంచీ అవే చెప్పులు. వాటిని కింద సెల్లారు దాటి రానివ్వలేదు అత్తయ్యగారు. బకెట్ నీళ్లు పైనుంచి కిందికి మోయించి, అక్కడే కాళ్లు కడిగించి పైకి తెచ్చారు. అలాంటి నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. కాలి మీద చిన్న గీత ఉన్నా అందులోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు. అప్పుడు ఎవరూ ఆవిడకి ఎదురు చెప్పలేదు.

మా అబ్బాయి ఒకసారి ఫ్యామిలీ గ్రూపులో ఒక వార్త పెట్టాడు. అమెరికాలో ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ గెర్బా అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, బూట్ల మీద లక్షల్లో బాక్టీరియా ఉంటాయనీ, మలంలో ఉండే రకాలు కూడా చాలా బూట్ల మీద దొరికాయనీ తేల్చారట. ఆ పరీక్ష ఒక బూట్ల కంపెనీతో కలిసి చేసిందన్న సంగతి వార్త అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కాబట్టి అంకెల్ని కాస్త తగ్గించే చదివాను. బాక్టీరియా ఎక్కడైనా ఉంటాయి, నేల మీద ఉన్నంత మాత్రాన రోగం రాదు. కానీ నేల మీద ఆడి ఆ చెయ్యే నోట్లో పెట్టుకునే పిల్లవాడు ఇంట్లో ఉంటే, పుండు పడితే తొందరగా మానని పెద్దవాళ్లు ఉంటే, లెక్క మారుతుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. బయటి చెప్పులు లోపలికి రాకూడదన్న నియమం ఎంత గట్టిగా ఉన్న ఇల్లయితే, ఆ ఇంట్లో షుగరు ఉన్న పెద్దావిడ రోజంతా అంత వట్టి కాళ్లతో తిరుగుతుంది. ఈ సంగతే నేను చెప్పాలనుకుంటున్నది. మన దేశంలో పది కోట్లకు పైగా షుగరు ఉన్నవాళ్లున్నారని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల సర్వే 2023లో చెప్పింది. వాళ్లలో ఎంతమంది ఇంటి చెప్పులు వేసుకుంటారో మీ బంధువుల్లోనే ఒకసారి వేళ్లమీద లెక్కపెట్టి చూడండి.

మా అత్తయ్యగారికి షుగరు ఇరవై ఏళ్ల పైమాటే. మాత్రలు వేళకి వేసుకుంటారు, కాఫీలో పంచదార మానేశారు, మామిడిపళ్ల కాలంలో మాత్రం మాకు కనపడకుండా రెండు రసాలు జుర్రుతారు. కాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు హాల్లో తెల్ల టైల్స్ మీద ఎర్రటి చుక్కలు వరసగా కనిపించాయి. చూస్తే ఆవిడ అరికాల్లో గాజు ముక్క. ఉదయం విరిగిన ఆకుపచ్చ గాజు. మధ్యాహ్నం వంటయ్యేదాకా దాని మీదే నడిచారు, తెలియనే లేదు. మా బుజ్జిగాడు "నానమ్మా, ముగ్గు ఎర్రగా వేశావేంటి?" అని అడిగితే అప్పుడు కిందికి చూసుకున్నారు.

షుగర్ డాక్టరు దగ్గర నర్సమ్మ కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం ముక్క లాంటిది అరికాల్లో అక్కడక్కడ గుచ్చి "తెలుస్తోందా అమ్మగారూ?" అని అడిగింది. బొటనవేలి కింద, చిటికెనవేలి కింద తెలియలేదు. తర్వాత చిన్న పెన్నులాంటి యంత్రం బొటనవేలికి ఆనించి అదురు ఎప్పుడు తెలుస్తుందో చూశారు. దాంట్లో అంకె 25 దాటితే పుండ్లు పడే ముప్పు ఎక్కువట. ఆవిడకి ఎడమ కాలు దాటింది. డాక్టరుగారు మందుల చీటీ మీద మందు కన్నా ముందు రాసిన మాట: ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవకూడదు. సాక్సుతో నడిచినా లెక్కలోకి రాదు, పల్చటి హవాయి చెప్పు కూడా చాలదు. అరికాలికి ఒత్తిడి ఒకేచోట పడకుండా పరుచుకునే మెత్తదనం కావాలి, కింద ముల్లు దిగని గట్టిదనం కావాలి. ఆ రెండూ ఉన్నవే ఈ ఎంసీఆర్ చెప్పులు.

ఎంసీఆర్ అంటే సన్నటి గాలి గదులున్న రబ్బరు, మైక్రో సెల్యులర్ రబ్బర్. షాపాయన పెట్టె తెరవగానే అత్తయ్యగారి మొహం మారిపోయింది. "ఇవి ఆ ఆసుపత్రిలో ఇచ్చే చెప్పులు కదమ్మాయ్, ఆ జబ్బు వాళ్లకి" అన్నారు నెమ్మదిగా, షాపాయనకి వినపడకుండా. ఆవిడ చెప్పింది నిజమే. కుష్టు వ్యాధి వల్ల స్పర్శ పోయిన కాళ్ల కోసమే ఈ రకం చెప్పులు ముందు మన దేశంలో వాడకంలోకి వచ్చాయి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్, పక్కనే కరిగిరి కుష్టు ఆసుపత్రి వాళ్లు, నొప్పి తెలియని కాలికి పుండు ఎందుకు పడుతుందో చూసి, చెప్పుతో దాన్ని ఆపవచ్చని పని చేసినవాళ్లు. ఇప్పటికీ కుష్టు నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వం ఈ చెప్పుల్ని ఉచితంగా ఇస్తుంది. కాలికి స్పర్శ పోవడం కుష్టులో ఒకలా, షుగర్లో ఇంకోలా. చెప్పుకి మాత్రం తేడా తెలీదు. కానీ పెద్దావిడ మనసులో ఉన్న ఆ నల్ల చెప్పు బొమ్మ ఇదంతా చెబితే పోదు. నలుపు పక్కన పెట్టించి నీలం తీయించాను. పైన పట్టీల మీద చిన్న కుట్టు పువ్వుంది. ఆ పువ్వే పని చేసిందని నా నమ్మకం.

కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. షాపాయన దాచకుండా నేర్పించాడు, అందుకు ఆయనకి నా మార్కులు.

పై పొరని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. దాదాపు సగం మందానికి దిగాలి, వదలగానే తిరిగి లేవాలి. దిగకపోతే గట్టి రబ్బరు. దిగి లేవకపోతే మామూలు స్పాంజి. బజార్లో ఎంసీఆర్ పేరుతో అమ్ముతున్న వాటిలో కొన్ని ఈవీఏ అనే ప్లాస్టిక్ నురగ రేకులే. తొలివారం దూదిలా ఉంటాయి, తర్వాత మడమ దగ్గర అప్పడమై కూర్చుంటాయి. ఈ షాపుకి వెళ్లకముందు ఆన్‌లైన్లో తెప్పించిన జత అలాంటిదే. బొమ్మలో ఒకటి, పెట్టెలో ఇంకొకటి. వాపసు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి ఫొటో తీసుకుని, ట్యాగు లేదని తీసుకోకుండా వెళ్లిపోయాడు. ట్యాగు వాళ్లే పెట్టలేదు మరి.

రెండోది, తిరగేసి చూడండి. ఎక్కడా మేకు కనపడకూడదు. అంటించాలి, కుట్టాలి, అంతే. మామూలు చెప్పుల్లో పట్టీ దగ్గర చిన్న మేకు పెడతారు. అది పైకి లేచినా ఈ కాళ్లకి తెలియదు కాబట్టి పుండు పడ్డాకే బయటపడుతుంది.

మూడోది, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య దూరే పట్టీ వద్దు. అక్కడ రాపిడి. పైగా వేళ్లకి పట్టు తగ్గితే చెప్పు జారిపోయినా తెలియకుండా ఒక్క కాలి చెప్పుతో నడుస్తారు. అత్తయ్యగారు పాత హవాయి జతలో సరిగ్గా అలాగే నడిచేవారు, ఒకటి వంటింటి దగ్గరుంటే ఇంకొకటి బాల్కనీలో దొరికేది. వెనక పట్టీ ఉన్నదే తీసుకోండి. అడ్డ పట్టీలు అంటుకునే రకం, అంటే వెల్క్రో, ఉంటే సాయంత్రానికి కాళ్లు ఉబ్బినప్పుడు సడలించుకోవచ్చు. అసలు కొనడానికే సాయంత్రం వెళ్లండి, అప్పటి కాలు కొలతే అసలు కొలత. మా షాపాయన తెల్లకాగితం మీద రెండు కాళ్లూ గీయించాడు. ఎడమ కాలు కొంచెం పెద్దది. నలభై ఏళ్ల పెళ్లిలో మా మావయ్యగారికి తెలియని సంగతి అది.

తెచ్చిన మొదటి రోజే పొద్దున్నుంచి రాత్రి దాకా వెయ్యకూడదు. గంటసేపు వేసి, విప్పి, కాలు ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసి, మర్నాడు కొంచెం ఎక్కువసేపు. ఆవిడకి వంగి అరికాలు చూసుకోవడం రాదు కాబట్టి నేల మీద చిన్న అద్దం పెట్టి చూస్తాను. రాత్రి పాలు తాగేముందు అద్దం, ఆ తర్వాత పాలు. ఇప్పుడు బుజ్జిగాడు ఆ డ్యూటీ లాగేసుకున్నాడు, టార్చి కూడా తెస్తాడు.

నడకలో ఎలా ఉందంటే, పొడి టైల్స్ మీద బాగుంది. జారదు, చప్పుడు చెయ్యదు. చప్పుడు చెయ్యకపోవడం మధ్యాహ్నం నిద్రపోయే నాలాంటి వాళ్లకి మంచిదే, ఆవిడ వెనకనుంచి వచ్చి నిలబడితే మాత్రం ఉలిక్కిపడాలి. తడి మీద నమ్మకండి. బాత్రూంలో ఇవి వాడనివ్వను. అక్కడికి గరుకు అడుగున్న ప్లాస్టిక్ జత వేరే ఉంది, తలుపు దగ్గరే మార్చుకుంటారు. జపాన్ వాళ్లిళ్లలో గుమ్మం దగ్గర బూట్లు విప్పి ఇంటి స్లిప్పర్లు వేసుకుంటారనీ, మరుగుదొడ్డికి మళ్లీ వేరే జత ఉంటుందనీ మా అబ్బాయి చెప్పాడు. అత్తయ్యగారు విని, "చూశావా, వాళ్లకి తెలుసు" అన్నారు. అంతకుముందు వారం దాకా ఈ జపాన్ పద్ధతికే ఎదురు తిరిగిన మనిషి.

ఎంసీఆర్‌కి ఉన్న పెద్ద జబ్బు దుమ్ము పీల్చుకోవడం. సన్నటి రంధ్రాల్లో పేరుకుపోతుంది, చెమట కలిస్తే వాసన. వారానికోసారి సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి కడిగి నీడన ఆరబెట్టాలి. బెజవాడ ఎండలో పెడితే రబ్బరు బిరుసెక్కిపోతుంది. నీడన ఆరడానికి వానాకాలంలో రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ ఆవిడ మళ్లీ వట్టి కాళ్లే. అందుకని రెండు జతలు కొనక తప్పదు. అంటే ఖర్చు 1,500. షాపాయన ఇది ముందే చెప్పి ఉండాల్సింది. ఆయనకిచ్చిన మార్కుల్లో కొన్ని ఇక్కడ కోసేస్తున్నాను. వెల్క్రోలో వెంట్రుకలు, దారప్పోగులు చిక్కుకుని పట్టు తగ్గుతుంది, పాత దువ్వెనతో దువ్వాలి.

ఇక అసలు యుద్ధం వంటింటి గడప దగ్గర. పూజ గదిలోకి, వంటింట్లోకి చెప్పులతో రావడమా? బయటివైనా లోపలివైనా చెప్పు చెప్పేనని ఆవిడ వాదన. దేవుడి దగ్గర నేను వాదించలేదు. పూజ గది ముందు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మందపాటి చాప వేశాం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి చాప మీద నుంచి నేరుగా పీట మీదికి. తిరుమల మాడ వీధుల్లో లక్షలమంది వట్టి కాళ్లతో నడుస్తారు కదా అంటారావిడ. నిజమే, కానీ ఎండాకాలం అక్కడ నేల కాలకుండా నీళ్లు చల్లుతారు, చాపలు పరుస్తారు. నొప్పి తెలియని కాలు వేడి నేల మీద బొబ్బలెక్కినా తెలియదు. ఈసారి కొండకి వెళ్లినప్పుడు తెల్లవారుజామునే దర్శనం చేయించి, ఎండెక్కకముందే గదికి తీసుకొచ్చాం.

వంటింటి విషయంలో మాత్రం నేను తగ్గలేదు, ఎందుకంటే ఇంట్లో కాలికి దెబ్బ తగిలే చోటంటే అదే. కత్తి జారేది అక్కడ, వేడి నూనె చిందేది అక్కడ, గాజు సీసా పగిలేది అక్కడ. చివరికి సంధి ఏమిటంటే రెండో ఎంసీఆర్ జత వంటింటిది. అది ఆ గడప దాటి బయటికి రాదు. కొత్తగా వచ్చిన రోజున దాని పట్టీలకి పసుపు రాశారు. చెప్పులకి పసుపు రాయడం నేనెక్కడా చూడలేదు, కానీ ఆ పసుపుతో ఆ జత శుద్ధి అయిపోయింది, మళ్లీ ఎప్పుడూ గొడవ రాలేదు. అయితే దీంతో, ఒకటి ఆరేటప్పుడు ఇంకొకటి వాడదామన్న నా లెక్క తప్పిపోయి మూడో జత కొనాల్సి వచ్చింది. ఖర్చు ఎక్కడికి పోతోందో చూస్తున్నారుగా.

ఈ చెప్పులొచ్చాక ఇంకో సంగతి కంటికి ఆనడం మొదలైంది. మా పనమ్మాయి కూడా చెప్పులు బయటే విప్పుతుంది. తర్వాత రెండు గంటలు ఫినాయిలు నీళ్లలో వట్టి కాళ్లతో. పాదాలు పగిలి ఉంటాయి. అపార్ట్‌మెంట్లో ఇలాంటి ఇళ్లు నాలుగు చేస్తుంది. ఆమెకి షుగరు లేదు కదా అని ఎవరూ ఆలోచించరు, ఉందో లేదో చూపించుకున్నదీ లేదు. తడి మీద జారని అడుగున్న ప్లాస్టిక్ జత ఒకటి కొని మా బాల్కనీలో పెట్టాను. మొదట్లో మొహమాటపడింది, ఇప్పుడు రాగానే అవే వేసుకుంటుంది. పై ఫ్లాటు ఆవిడకి ఇది నచ్చలేదు, అలవాటు చేస్తున్నావంది. చెప్పులే కదా.

అలాగే గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని బూట్లు విప్పమని అనకండి. అంత బరువు భుజాన మోస్తూ వట్టి కాళ్లతో నున్నటి టైల్స్ మీద నడిస్తే, బండ కాలి మీద పడితే? కరెంటు పని చేసేవాళ్ల చెప్పులు కూడా విప్పించకూడదు, అవి వాళ్లకి రక్షణ. గుమ్మం నుంచి వంటిల్లు దాకా పాత దుప్పటి పరుస్తాను, వెళ్లాక దులిపి నానబెడతాను. నియమం మనుషుల కాళ్లు బాగుండాలనే కదా పెట్టుకున్నది.

షాపు సంగతి నాలుగు ముక్కలు. మనిషి ఓపికమంతుడు, కాలు చూడకుండా చెప్పు ఇవ్వడు. బిల్లు అడిగితేనే ఇస్తాడు. కూర్చోవడానికి ఒకే ఒక్క స్టూలు, పెద్దవాళ్లు వరసలో నిలబడాల్సిందే. బండి పెట్టుకునే చోటు లేదు, ఆటోలో వెళ్లడం మేలు. పట్టీ ఊడితే ఏడాదిలోపు ఉచితంగా కుట్టిస్తానన్నాడు, ఒకసారి కుట్టించాడు కూడా.

కాలికి ఇప్పటికే పుండు ఉన్నా, వేళ్లు వంకర పోయినా, అరికాలి ఆకారం మారినా ఈ రెడీమేడ్ జత కొనకండి. అలాంటివాళ్లకి కాలి అచ్చు తీసి చేయించే చెప్పులుంటాయి, డాక్టరు చూసి చెప్పాలి. స్పర్శ కొంచెం తగ్గిన కాలికీ, పుండు లేని కాలికీ, చెప్పులు గడప బయటే విప్పే ఇంటికీ ఇవి సరిపోతాయి. నేనైతే ఐదుకి నాలుగిస్తాను. ఏడాది వాడకానికి మడమ దగ్గర కొంచెం దిగింది, బొటనవేలితో నొక్కితే ఇదివరకంత లేవడం లేదు, కాబట్టి మార్చే వేళైంది. అత్తయ్యగారు ఈసారి మెరూన్ రంగు కావాలన్నారు, ఆవిడ వెంకటగిరి చీరకి కలిసేలా. స్టాకులో లేదు, చేయించాలంటే పది రోజులు పడుతుందనీ సగం డబ్బు ముందే కట్టాలనీ షాపాయన అన్నాడు. కట్టి వచ్చాను.